గ్రహణం చూడని ఎలుకకూ అంగిలి చీలుతుంది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో అంగిలి చీలికతో బిడ్డ పుడితే మొదటి ప్రశ్న ఎదురయ్యేది తల్లికే. గ్రహణం పూట బయటికి వచ్చావా? కత్తిపీట ముట్టుకున్నావా? కదలకుండా పడుకోమంటే వినలేదా? కాన్పయి ఇంకా ఒళ్లు కుదుటపడని మనిషి నెలల వెనక్కి వెళ్లి, ఏ రోజు ఏ కూర తరిగిందో గుర్తు తెచ్చుకోవాల్సి వస్తుంది. అరసవల్లి సూర్యదేవుడి గుడి ఉన్న నేల ఇది. గ్రహణం పట్టింపు ఇక్కడ తరతరాలుగా ఉంది, దాన్ని ఎగతాళి చేయాల్సిన పని లేదు. కానీ ఆ పట్టింపు ఒక తల్లి మీద నేరంగా మారినప్పుడు మాత్రం లెక్క అడగాలి.

లెక్క సులువే. గ్రహణాలు పట్టే కాలం సుమారు 173 రోజులకోసారి తిరిగొస్తుంది. సూర్య, చంద్ర గ్రహణాలు కలిపితే ఏడాదికి కనీసం నాలుగు ఉంటాయి. గర్భం తొమ్మిది నెలలు, అంటే 270 రోజుల మాట. కాబట్టి ప్రపంచంలో ఎక్కడో ఒకచోట గ్రహణం పట్టకుండా ఏ గర్భమూ కాన్పు దాకా రాదు. వెతికితే ప్రతి తల్లికీ ఒక గ్రహణం దొరుకుతుంది. నిండుగా, ఏ లోపమూ లేని బిడ్డను కన్న తల్లికీ దొరుకుతుంది. ఆమెను ఎవరూ అడగరు, అంతే తేడా. ఇంకో సంగతి: పై పెదవి ఏడో వారం ప్రాంతంలో, అంగిలి పన్నెండో వారం కల్లా కలిసిపోతాయి. నెల తప్పిందని ఖాయం చేసుకుని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పేసరికే పెదవి పని పూర్తయి, అంగిలి పని నడుస్తూ ఉంటుంది. ఆరో నెలలోనో ఏడో నెలలోనో పట్టిన గ్రహణానికి అంగిలిని చీల్చే అవకాశమే లేదు.

ఆ తొలి వారాల్లో ఏం జరుగుతుందో మనిషి గర్భంలో నేరుగా చూడటం కుదరదు. శాస్త్రం దాన్ని చిట్టెలుకల్లో చూసింది. ల్యాబు గోడల మధ్య, కరెంటు దీపాల కింద పుట్టి పెరిగే ఈ ఎలుకలకు సూర్యుడే కనబడడు, ఇక గ్రహణం మాటెక్కడిది? అయినా వాటిలో కొన్నింటికి చీలిన అంగిలితో పిల్లలు పుడతాయి. ఎందుకు పుడతాయని డెబ్బై ఏళ్లకు పైగా సాగిన వెతుకులాటలో తేలిన సంగతులు మన పల్లెటూరి తల్లికి పూర్తి ఊరటనిస్తాయి. అయితే వాటిని సగం చదివితే ఇంకో ప్రమాదం ఉంది. ‘గ్రహణం కాదట, జన్యువులట’ అనగానే ‘అయితే మీ పుట్టింటి వైపు నుంచే వచ్చింది’ అనే మాట ఎదురొస్తుంది. ఆమె చేతుల మీద మోపిన నేరం ఆమె రక్తం మీదికి మారుతుందే తప్ప పోదు. ఎలుకలు చెప్పేది అదీ కాదు.

చిట్టెలుక గర్భం 19, 20 రోజులు. మనిషిలో ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా సాగే అంగిలి నిర్మాణం ఎలుకలో పదకొండో రోజు దాటాక మొదలై పదహారో రోజుకు ముగుస్తుంది. జతకట్టిన రాత్రి నుంచి లెక్కపెడితే ఏ పూటకు ఏం జరగాలో తెలుస్తుంది. పైగా ఎలుకకూ మనిషికీ అంగిలి ఏర్పడే వరస దాదాపు ఒకటే, ఆ పని చేసే జన్యువుల్లోనూ ఎక్కువ భాగం ఇద్దరికీ ఉన్నవే.

ఆ వరస ఇలా ఉంటుంది. పై దవడగా మారబోయే భాగం నుంచి చెరో వైపు ఒక పలక మొలిచి, నాలుకకు అటూ ఇటూ కిందికి వేలాడుతూ పెరుగుతుంది. పద్నాలుగో రోజు ప్రాంతంలో, కొన్ని గంటల్లోనే, రెండు పలకలూ పైకి లేచి నాలుక మీదుగా అడ్డంగా వాలతాయి. రెండు రెక్కల తలుపు మూసుకున్నట్టు మధ్యలో అంచులు కలుస్తాయి. తలుపుకు అంతటితో పని అయిపోతుంది, అంగిలికి కాదు. అంచుల మీద ఉన్న పలుచని పై పొర అక్కడికక్కడే కరిగిపోవాలి. అప్పుడే లోపలి కణాలు కలిసి రెండు పలకలూ ఒకే అంగిలి అవుతాయి. పెరగడం, లేవడం, తాకడం, అతుక్కోవడం. ఇందులో ఏది తప్పినా, ఒక్కోసారి కేవలం ఆలస్యమైనా, చీలిక మిగులుతుంది. బయటికి కనబడేది ఒకే చీలిక. లోపల జరిగిన తప్పు మాత్రం వేర్వేరు.

ఇది ఊహ కాదని 1995లో స్పష్టంగా తేలింది. కోరుకున్న ఒక్క జన్యువును తీసేసి ఎలుకను పుట్టించే విద్య అప్పటికి చేతికొచ్చింది. ఆ విద్యకే 2007లో మారియో కాపెక్కీ, మార్టిన్ ఎవాన్స్, ఆలివర్ స్మితీస్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. 1995లో రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా టీజీఎఫ్-బీటా3 అనే జన్యువును తీసేసిన ఎలుకలను తయారుచేశాయి. వాటి పిండాల్లో పలకలు పెరిగాయి, సమయానికి లేచాయి, ఒకదాన్నొకటి తాకే దాకా వచ్చాయి. కానీ అతుక్కోలేదు. అంచుల మీది పొరకు ‘ఇక తొలగిపో’ అని చెప్పే ప్రొటీన్ ఆ పిండాల్లో లేదు. పిల్లలు పుట్టిన రోజే చనిపోయాయి. అంగిలి లేకపోతే నోట్లో ఒత్తిడి కుదరదు, పాలు చీకలేవు, పొట్టలోకి పాలకు బదులు గాలి వెళుతుంది. మనిషి బిడ్డను చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో పాలు పట్టి బతికించుకోవచ్చు. ఎలుక పిల్లకు ఆ ఆసరా లేదు. మనకు ఈ విషయంలో తెలిసిన ప్రతి సంగతి వెనకా అలా పోయిన ప్రాణాలు ఉన్నాయని మరవకూడదు.

ఆ తర్వాతి ప్రయోగం ఇంకా విలువైనది. టీజీఎఫ్-బీటా3 లేని పిండాల నుంచి అంగిలి పలకలను తీసి, ల్యాబు పాత్రలో పక్కపక్కన ఉంచి, లోపించిన ప్రొటీన్‌ను బయటి నుంచి అందిస్తే అవి అతుక్కున్నాయి. పలకల్లో లోపమేమీ లేదు, అందాల్సిన మాట అందలేదంతే. కోడిలోనూ దీనికి సాక్ష్యం ఉంది. పక్షులకు అంగిలి మధ్యలో సహజంగానే తెరిచి ఉంటుంది, కోడిపిల్ల పలకల అంచుల్లో ఈ ప్రొటీన్ ఉండదు. 1998లో కోడి పిండం పలకలకు దాన్ని అందిస్తే అవి కూడా కలిశాయి.

ఐఆర్ఎఫ్6 అనే ఇంకో జన్యువు కథ దీనికి సరిగ్గా ఎదురు. వ్యాన్ డెర్ వూడ్ సిండ్రోమ్ ఉన్న కుటుంబాల్లో ఈ జన్యువు దెబ్బతిని ఉంటుందని 2002లో తేలింది. ఆ కుటుంబాల్లో కొందరికి పెదవి చీలిక, కొందరికి అంగిలి చీలిక, కొందరికి కింది పెదవి మీద చిన్న గుంటలు మాత్రమే ఉంటాయి. 2006లో ఈ జన్యువు లేని ఎలుకలు వచ్చాయి. వాటి చర్మం, నోటి పై పొర సరిగా ముదరలేదు. నోటిలోని పై పొరకు మామూలుగా ఒక కాపలా పని ఉంటుంది. పలక నాలుకకు గానీ దవడకు గానీ అంటుకోకుండా, సమయం వచ్చే దాకా ఆపడం. ఐఆర్ఎఫ్6 లేకపోతే పలకలు అంటుకోకూడని చోట అంటుకుని, లేవాల్సినప్పుడు లేవలేవు. ఒక జన్యువు లేకపోతే అతుక్కోవాల్సినవి అతుక్కోవు, ఇంకో జన్యువు లేకపోతే విడిగా ఉండాల్సినవి అతుక్కుపోతాయి. చివరికి రెండు ఎలుక పిల్లలకూ ఒకే రకంగా చీలిన అంగిలే.

అసలు పలకలే చాలినంత పెరగని ఎలుకలూ ఉన్నాయి. 1994లో ఎంఎస్ఎక్స్1 జన్యువు తీసేస్తే అంగిలి చీలడమే కాదు, పళ్లు కూడా మొలకెత్తలేదు. ఆరేళ్ల తర్వాత నెదర్లాండ్స్‌లోని ఒక కుటుంబంలో కొన్ని పళ్లు పుట్టుకతోనే లేకపోవడం, పెదవి, అంగిలి చీలికలు కలిసి కనిపించాయి. కారణం అదే జన్యువు. ఎలుకలో కనిపించిన జోడింపు మనిషి కుటుంబంలో ఏం వెతకాలో ముందే చూపింది. అంగిలితో అసలు పని లేని చోట తప్పు జరిగినా చీలికే. కింది దవడ చిన్నగా ఉండిపోతే నాలుక కిందికి దిగదు, మధ్యలో అడ్డుపడుతుంది, పలకలు బాగానే ఉన్నా లేవడానికి చోటుండదు. పియర్ రాబిన్ అనే స్థితిలో పుట్టే పిల్లల చీలికకు వైద్యులు ఈ దారినే కారణంగా చూస్తారు.

టీబీఎక్స్22 అనే జన్యువు, మగపిల్లలకు ఒక్కటే ఉండే ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అది దెబ్బతింటే మగపిల్లల్లో అంగిలి చీలికతో పాటు నాలుక కింద బిగువు కూడా కనిపిస్తుందని 2001లో తేలింది. దాన్ని తీసేసిన ఎలుకల్లో చాలావాటికి పైకి చర్మం మూసుకునే ఉంటుంది, లోపల ఎముక మాత్రం సరిగా ఏర్పడదు. ఈ మరుగు చీలిక సంగతి కిందికి వచ్చాక మళ్లీ అవసరమవుతుంది.

ఎలుకల్లో అంగిలి చీలికకు దారితీసే జన్యువులు ఇప్పటికి వందల్లో తేలాయి. ఇన్ని జన్యువులున్నప్పుడు ‘ఫలానా వైపు నుంచి వచ్చింది’ అని వేలెత్తి చూపడం ఎంత తొందరపాటో చెప్పాల్సిన పని లేదు. అయితే అంతకంటే బలమైన సాక్ష్యం జన్యువులను తీసేసే విద్య పుట్టకముందే వచ్చింది. కెనడాలోని మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లార్క్ ఫ్రేజర్ 1950ల మొదట్లో గర్భంతో ఉన్న ఎలుకలకు కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి చూశారు. ‘ఎ’ అనే జాతి ఎలుకల్లో దాదాపు పిల్లలన్నిటికీ అంగిలి చీలింది. నల్లటి సి57 జాతికి అదే మందు ఇస్తే కొద్ది పిల్లలకే చీలింది. మందు ఒకటే, ఫలితం వేరు. ఎ జాతిలో పలకలు లేచే సమయం సి57 జాతి కంటే సహజంగానే కొంత ఆలస్యం. మామూలు రోజుల్లో ఆ ఆలస్యం వల్ల చాలా పిల్లలకు ఏమీ కాదు, గడువు లోపలే కలుస్తాయి. మందు ఇంకొంచెం ఆలస్యం చేసేసరికి గడువు దాటిపోతుంది. సి57కు చేతిలో ఇంకా సమయం మిగులుతుంది. రెండు జాతులనూ కలిపి పుట్టించిన పిల్లల్లో కూడా తల్లి ఏ జాతిదన్న దాన్ని బట్టి చీలికల సంఖ్య మారింది.

డయాక్సిన్ అనే విషంతోనూ ఇదే పాఠం. అది ఎలుక పిండాల అంగిలిని చీలుస్తుంది, కానీ ఆ విషాన్ని ఒంట్లో పట్టుకునే ప్రొటీన్ లేని ఎలుకలకు ఆ దెబ్బ తగలదు. అంటే జన్యువు ఒక్కటే కాదు, బయటి కారణం ఒక్కటే కాదు, రెండూ కలిసి గడువును దాటించాయా లేదా అన్నదే అసలు సంగతి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు నీళ్లా, వేడా, మందులా అని ఏళ్ల తరబడి ఒకే కారణం కోసం వెతికి అలసిన ప్రాంతానికి, కారణాలు కలగలిసి పనిచేస్తాయన్న మాట అర్థం కానిదేమీ కాదు. మనుషుల్లోనూ ఈ గడువు లెక్కకు ఒక గుర్తు కనిపిస్తుంది. పెదవి బాగుండి అంగిలి మాత్రమే చీలడం ఆడపిల్లల్లో ఎక్కువ. ఆడ పిండాల్లో పలకలు కలవడం మగ పిండాల కంటే వారం దాకా ఆలస్యమని, దెబ్బ తగిలే కాలం ఆ మేరకు ఎక్కువని దీనికి చెప్పే వివరణ.

ఇక మేనరికం. ఉత్తరాంధ్రలో ఈ మాట రాకుండా జన్యువుల చర్చ ముగియదు. దాదాపు ప్రతి జన్యువూ బిడ్డకు రెండు ప్రతులుగా వస్తుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. బిడ్డకు ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లిలో 16లో 1, మేనమామ-మేనకోడలు పెళ్లిలో 8లో 1. పైన చెప్పిన ఎలుకల్లో చాలావాటికి రెండు ప్రతులూ పోతేనే చీలిక వచ్చింది, ఒక్క ప్రతి పోతే పిల్ల మామూలుగానే పుట్టింది. కాబట్టి ఇంట్లో అలాంటి దెబ్బతిన్న జన్యువు నిజంగా తిరుగుతుంటే మేనరికం దాన్ని బయటపెట్టే అవకాశం పెంచుతుంది. తిరగకపోతే? దానికి జవాబు సి57 ఎలుకే. అన్నాచెల్లెళ్లను 20 తరాలకు పైగా జతకట్టించి తయారుచేసిన జాతి అది, అంతకంటే దగ్గర సంబంధం ఉండదు. అయినా దాని పిల్లల్లో అంగిలి చీలిక అరుదు. దగ్గర పెళ్లి చీలికను సృష్టించదు, లోపల ఉన్నదాన్ని పైకి తెస్తుంది. వేరే ఏ లోపమూ లేకుండా అంగిలి మాత్రమే చీలిన పిల్లల్లో చాలామందికి కారణం ఎన్నో చిన్న చిన్న జన్యు తేడాల కలయిక, అందులో అమ్మ వైపువీ నాన్న వైపువీ రెండూ ఉంటాయి. మేనరికం వద్దనడానికి వేరే బలమైన వైద్య కారణాలు ఉన్నాయి. ఒక బిడ్డ అంగిలిని చూపించి ఒక ఆడపిల్ల పుట్టింటిని దోషిగా నిలబెట్టడానికి మాత్రం ఇందులో ఆధారం లేదు.

ఎలుక చెప్పిందల్లా మనిషికి అలాగే అతికించకూడదు కూడా. ఎలుకల్లో జన్యువు తీసేస్తే ఎక్కువగా చీలేది అంగిలి ఒక్కటే, పెదవి చీలడం తక్కువ. మనుషుల్లో పెదవి, అంగిలి కలిసి చీలడం సర్వసాధారణం. మనిషికి ఐఆర్ఎఫ్6 ఒక్క ప్రతి దెబ్బతిన్నా చాలు, ఎలుకకు చాలదు. స్టెరాయిడ్లకు ఎలుక పిండం లోనైనంతగా మనిషి పిండం లోనుకాదు. ఆస్తమాకో, కీళ్ల జబ్బుకో వాటిని వాడుతున్న గర్భిణి ఈ వ్యాసం చదివి మందు మానేస్తే అదే అసలు ప్రమాదం, డాక్టరును అడగాలి. ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ లాంటి మందుల సంగతి వేరు. అవి మనుషుల్లోనే చీలికల ముప్పు పెంచుతాయి, కాబట్టి గర్భం దాల్చకముందే మందు మార్చే విషయం మాట్లాడుకోవాలి. పొగ కూడా అంతే, గర్భిణి పొగ తాగితే ముప్పు కొంత పెరుగుతుంది. చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు ఈ తీరంలో పాతతరం ఆడవాళ్లలో ఉంది. అది పెద్దవాళ్ల అంగిలికి క్యాన్సర్ తెస్తుందని ఈ జిల్లాల్లో జరిగిన పరిశోధనలే చెప్పాయి. కడుపుతో ఉన్న కోడలు ఉన్న ఇంట్లో ఆ పొగ మానడానికి ఇంకో కారణం దొరికినట్టే. ఫోలిక్ యాసిడ్ మాత్రలు వెన్నుపాము, మెదడు లోపాలను చాలావరకు ఆపుతాయన్నది ఖాయం, చీలికల విషయంలో సాక్ష్యం అంత గట్టిగా లేదు. అయినా మొదటి కారణం చాలు, వేసుకోవాలి.

ఎలుకల పని వైద్యంగా మారుతుందా అంటే, ఒక దారి కనిపించింది. ప్యాక్స్9 అనే జన్యువు లేని పిండాలకు అంగిలి చీలుతుంది. 2017లో ప్రచురించిన ప్రయోగంలో అలాంటి పిండాలను మోస్తున్న తల్లి ఎలుకలకు, వింట్ అనే సంకేతాన్ని పెంచే మందును తోక నరంలోకి ఎక్కించారు. చాలా పిల్లల్లో అంగిలి గర్భంలోనే మూసుకుంది. ఆశ పెంచే ఫలితమే, కానీ దాని ముందున్న గోడ కూడా ఎలుకే చూపింది. మందు పలకలు లేచే రోజుల్లోనే అందాలి. మనిషిలో పెదవి చీలికను స్కానింగ్ సాధారణంగా పట్టేది 18 నుంచి 20 వారాల మధ్య, అంగిలి ఒక్కటే చీలితే చాలాసార్లు స్కానింగ్‌కు అందనే అందదు. అప్పటికి అంగిలి గడువు ముగిసి వారాలు గడిచిపోతాయి. ఇవాళ నమ్ముకోవాల్సింది ఆపరేషన్‌నే, అది చక్కగా పనిచేస్తుంది కూడా. పెదవికి మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలికి తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య చేయిస్తే మాటకు మేలు. ఆలోపు బిడ్డను నిలువుగా పట్టుకుని పిండిన చనుబాలు కొద్దికొద్దిగా పట్టాలి, చెవులు, వినికిడి చూపించుకుంటూ ఉండాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచితంగా గుర్తించి, చికిత్సకు పంపాల్సిన లోపాల జాబితాలో పెదవి, అంగిలి చీలికలు ఉన్నాయి. ఆశా కార్యకర్తకో అంగన్‌వాడీలోనో చెబితే ఆ దారి మొదలవుతుంది.

పెదవి చీలిక అందరికీ కనబడుతుంది. అంగిలి చీలిక కనబడదు, పుట్టగానే టార్చి వేసి నోటి లోపల వెనక దాకా చూస్తేనే తెలుస్తుంది. టీబీఎక్స్22 ఎలుకల్లో లాంటి మరుగు చీలిక అయితే అప్పుడూ తప్పించుకుంటుంది. పాలు ముక్కులోంచి వస్తున్నాయా, కొండనాలుక రెండుగా చీలి ఉందా, మాటలొచ్చాక ముక్కుతో పలుకుతున్నాడా అన్నవే దాని గుర్తులు. బడికి వెళ్లే వయసు దాకా ‘వాడి గొంతే అంత’ అని వదిలేసిన పిల్లలు ఉంటారు.

రెండో బిడ్డ గురించి భయపడే దంపతులకు లెక్క ఇలా ఉంటుంది. తల్లిదండ్రులిద్దరికీ చీలిక లేకుండా ఒక బిడ్డకు వచ్చి ఉంటే, తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి 2 నుంచి 5 మాత్రమే. తల్లిదండ్రుల్లో ఒకరికి వ్యాన్ డెర్ వూడ్ ఉంటే మాత్రం లెక్క మారుతుంది: ఆ దెబ్బతిన్న జన్యువు బిడ్డకు వచ్చే అవకాశం నూటికి 50, అయితే అది వచ్చిన ప్రతి బిడ్డకూ చీలిక రాదు. ఈ రెండింటి మధ్య తేడా తెలియాలంటే జన్యు కౌన్సెలింగ్‌కు వెళ్లేముందు ఇంట్లో కొన్ని సంగతులు చూసుకుని వెళ్లాలి. రెండు వైపులా మూడు తరాల్లో ఎవరికైనా చీలిక ఉందా, పుట్టుకతోనే పళ్లు తక్కువగా వచ్చినవాళ్లు ఉన్నారా, నాలుక కింద బిగువు ఉన్నవాళ్లు ఉన్నారా, గర్భం మొదటి మూడు నెలల్లో ఏ మందులు వాడారు. తల్లిదండ్రులిద్దరి కింది పెదవులూ వెలుతురులో చూడాలి. మధ్యగీతకు అటూ ఇటూ గుండుసూది మొనంత గుంటలు కనబడితే, ఏ చీలికా లేకపోయినా, ఆ మాట డాక్టరుకు మొట్టమొదట చెప్పాలి.